ఇల్లు కావాలి – చేనూ కావాలి

కోతపండుగకు ముందు శనివారము మేము నరసరావుపేట నుండి రొంపిచెర్ల వైపు వెళ్ళాము. పని చాలా చిన్నది. మూడేళ్ళ క్రితము వాయిదాల మీద కొనుక్కున్న రెండు వందల గజాల ప్లాటును ఒకసారి చూచుకొని, సరిహద్దు రాళ్ళు ఉన్నవో లేవో సరిచూచుకొని రావాలని బయలుదేరాము. అమ్మాయి పెళ్ళినాటికి అక్కరకు వస్తుందని నెలనెలా జీతములో మిగిల్చి కట్టిన సొమ్ము అది.

రోడ్డు ప్రక్కన ఆర్చి రంగు వెలిసిపోయి ఉన్నది. లోపల ఎర్ర గ్రావెలు తోలిన బాటలు, బాటలకు అటూ ఇటూ సున్నము పూసిన రాళ్ళు. రాళ్ళ మధ్య నడుమెత్తున సర్కారు తుమ్మ కంప. ఇల్లు మాత్రము ఒక్కటీ లేదు. నాలుగు మేకలను తోలుకొని ఒక ముసలమ్మ మా దగ్గరకు వచ్చింది.

"ఏందయ్యా, రాళ్ళు ఎతుక్కుంటున్నారా?" అని అడిగింది.

"అవును మామ్మా, మా ప్లాటు ఎక్కడో ఆనవాలు తెలియడం లేదు" అన్నాము.

"నాకూ తెలవట్లేదయ్యా. ముప్పై ఏండ్లు ఈ చేలో కలుపు తీశా, నాట్లేశా, మెరపకాయ కోశా. గట్టు యాడుందో, బోదె యాడుందో కళ్ళు మూసుకొని చెప్పేదాన్ని. ఇప్పుడు నాకే ఆనవాలు తెలవట్లా" అన్నది.

అమ్మాయి పెళ్ళి సంగతి ఆమెతో చెప్పడానికి మాకు నోరు రాలేదు. మరునాడు ఆరాధనలో ధాన్యపు బస్తాలు, పత్తి, గుమ్మడికాయలు, పచ్చిమిరపకాయలు బల్ల ముందు పెట్టి కృతజ్ఞతలు చెల్లిస్తున్నప్పుడు ఆ మాటే మా చెవులలో మ్రోగింది. పంట ఇచ్చినందుకు దేవునికి వందనము చెబుతున్నాము, పంట పండే చేనును మాత్రము మన డబ్బుతోనే పూడ్పిస్తున్నాము. ఇది సరియేనా? ప్రియమైన పాఠకులారా, ఆ ప్రశ్ననే ఈ నెల మీ ముందు పెడుతున్నాము.

ఈ నేలకు నీరు ఊరకే రాలేదు

పల్నాటిలో పెద్దవారిని అడగండి. సాగరు కాలువ రాకముందు ఇక్కడి నల్లరేగడి వాన మీద ఆధారపడిన మెట్ట. వాన పడితే పంట, లేకుంటే వలస. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగరుకు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదిలారు. కుడి కాలువకు జవహర్ కాలువ అని పేరు. ఆ నీటికోసము కొండల నడుమ ఎందరో కూలీలు రాళ్ళు మోశారు, కృష్ణాతీరపు గ్రామాలవారు ఇళ్ళూ పొలాలూ వదలి వెళ్ళారు. ఆ కష్టము మీద మన చేలు మాగాణులయ్యాయి. వరి, పత్తి, మిరప పండాయి.

అలాంటి ఆయకట్టు నేల మీద ఇప్పుడు కొత్త పంట మొలుస్తున్నది, అదే రాళ్ళ పంట. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రముగా పల్నాడు జిల్లా ఏర్పడింది. 309 కిలోమీటర్ల నడికుడి–శ్రీకాళహస్తి రైలుమార్గము ఈ ప్రాంతము మీదుగానే వేస్తున్నారు. జిల్లా మంచిదే, రైలూ మంచిదే. అయితే ఆ పేరు చెప్పి బ్రోకర్లు పొలము గట్ల మీద తిరుగుతున్నారు.

అమ్మిన రైతును నిందించడము తేలిక. అతని కష్టము కూడా వినాలి. 2021లో నల్ల తామర పురుగు వచ్చి మన జిల్లాలలో మిరప తోటలను ఎట్లా ఎండబెట్టిందో మరువలేము. 2025లో కాయ పండినా ధర పడిపోయింది. అప్పు, పిల్లల చదువు, ఆసుపత్రి ఖర్చు మీద పడిన రోజున ఎకరాకు పంట ఇచ్చే సొమ్మెంత, ప్లాట్లవారు చూపే సొమ్మెంత? పంటకు న్యాయమైన ధర లేనంతవరకు పొలము కాపాడుకోమని రైతుకు చెప్పే మాట ఒట్టి ఉపదేశముగానే మిగిలిపోతుంది.

నష్టపోయినవారి పేరు దస్తావేజులో ఉండదు

చేను ప్లాట్లయినప్పుడు అమ్మినవానికి ధర ముడుతుంది. కొన్నవానికి కాగితము ముడుతుంది. నడుమనున్న బ్రోకరుకు కమీషను ముడుతుంది. మరి కౌలుదారునికి? కలుపు తీసే ఆడవారికి? ఒక ఎకరము మిరపకు నాటు మొదలు కలుపు, మందు, నాలుగైదు కోతలు, కల్లములో ఆరబెట్టడము, తాలు ఏరడము వరకు ఎన్ని చేతులు కావాలో మన ఆడవారికి తెలుసు. ఆ చేతులకు పని ఆగిపోతుంది. వారి పేరు దస్తావేజులో ఎక్కడా ఉండదు గనుక పరిహారము అడిగే హక్కూ వారికి లేదు.

మన సంఘాలలో ఎక్కువమంది ఎవరు? సొంత భూమి లేనివారు, ఉన్నా ఎకరము అరెకరము ఉన్నవారు, కూలికి వెళ్ళేవారు గదా! కాబట్టి ఈ విషయము భూస్వాముల వ్యవహారమని మనము ప్రక్కన పెట్టలేము.

ఇంకొక నష్టము నీటిది. మేజరు కాలువ నుండి వచ్చే బోదె ఒక్కొక్క చేను దాటుకుంటూ చివరి చేనుకు పోవాలి. నడుమనున్న చేను కొన్నవారు బోదెను పూడ్చి బాట వేస్తే దిగువనున్న ఐదారుగురు రైతులకు నీరు అందదు. నీరు అందని చేను రెండేళ్ళకు బీడవుతుంది, బీడయిన చేను మూడో ఏట అమ్మకానికి వస్తుంది. ఒక వెంచరు ఇంకొక వెంచరును కనేది ఈ విధముగానే.

పేదవాని ఇల్లు పొలాన్ని మింగదు

"మరి ఇళ్ళు వద్దా? మా పిల్లలు ఎక్కడ ఉండాలి?" అని మీరు అడుగుతారు. తప్పక అడగాలి. మన పల్లెలలో ఒకే ఇంటిలో మూడు కుటుంబాలు సర్దుకొని ఉన్న సంగతి మాకు తెలియనిది కాదు. ఇంటిస్థలము అడగడము దురాశ కాదు.

అయితే ఒక చిన్న లెక్క వేయండి. ఒక గ్రామములో ఇల్లు లేని కుటుంబాలు 200 ఉన్నవనుకొందాము. ఒక్కొక్కరికి మూడు సెంట్లు ఇస్తే 600 సెంట్లు, అంటే ఆరు ఎకరాలు. బాటలకు, ఖాళీ స్థలానికి, బడికి, నీళ్ళ ట్యాంకుకు మరి నాలుగు ఎకరాలు కలుపుకోండి. పది ఎకరాలతో గ్రామములోని ఇళ్ళ కొరత తీరిపోతుంది. ఏ గ్రామమైనా పది ఎకరాలు వెదకలేదా?

అయితే రోడ్ల వెంట పూడ్చబడుతున్నది పది ఎకరాలు కాదు. ఇల్లు కట్టే ఉద్దేశము లేనివారు, మావంటివారు, రేటు పెరుగుతుందని కొని పెట్టుకొన్న ప్లాట్లు అవి. వాటిలో పంట లేదు, ఇల్లూ లేదు. నేలను మింగుతున్నది పేదవాని గూడు కాదు, ఉన్నవాని ఖాళీ ప్లాటు. ఈ మాట వ్రాయడానికి మాకు సిగ్గుగా ఉన్నది, ఎందుకంటే ఆ ఉన్నవారిలో మేమూ ఉన్నాము.

పేదలకు ఇచ్చే స్థలముల విషయములోనూ చోటు ఎన్నుకొనుటలో జాగ్రత్త కావాలి. 2020 డిసెంబరు 25న, క్రిస్మసు రోజుననే, రాష్ట్రములో దాదాపు 30 లక్షల కుటుంబాలకు ఇంటిస్థలాల పంపిణీ మొదలైంది. పల్లెలలో సెంటున్నర, పట్టణాలలో సెంటు. మన సంఘాలలో ఆ పట్టా అందుకొని కన్నీళ్ళతో దేవుని స్తుతించినవారు ఉన్నారు. అదే సమయములో కొన్నిచోట్ల చవకగా దొరికినదని పల్లపు నేలలు ఎన్నుకొన్నారు. రాజమహేంద్రవరము దగ్గర ఆవ భూములు వర్షాలకు నీట మునిగిన సంగతి ఆ ఏట పత్రికలలో చూశాము. పంటకు తగిన నేలను ఇంటికి ఇస్తే పంటా దక్కదు, ఇల్లూ నిలువదు.

మంచి పొలము మంచి పునాది కాదు

నల్లరేగడి సంగతి మన మేస్త్రీలను అడగండి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. పంటకు ఆ గుణము వరము, ఎందుకంటే నీటిని చాలా రోజులు పట్టి ఉంచుతుంది. గోడకు మాత్రము అదే శాపము. ఏటేటా పునాది క్రింద నేల లేచి దిగుతుంటే గోడలు మూల నుండి మూలకు పగులుతాయి. ఇటువంటి నేలలో కట్టుటకే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనా సంస్థ అడుగున ఉబ్బెత్తుగా ఉండే పైల్ పునాదుల పద్ధతిని రూపొందించింది. దానికి అయ్యే ఖర్చు పేదవాడు ఎక్కడ తేగలడు? మెరక తోలుదామంటే గ్రావెలు కోసము దగ్గరనున్న గుట్టను త్రవ్వాలి. చేనూ పోయె, గుట్టా పోయె!

ఊరికి కొంచెము ఎత్తున ఉండే ఎర్రగరప నేలలో పంట అంతంతమాత్రమే గాని పునాది గట్టిగా నిలుస్తుంది. మన పూర్వులు ఊళ్ళను ఎక్కడ కట్టుకొన్నారో గమనించండి. మెరక మీద ఇళ్ళు, పల్లములో చెరువు, చెరువు క్రింద పొలము. వారికి ఇంజినీర్లు లేరు గాని నేల గుణము తెలుసు. మూడు సెంటీమీటర్ల పైమన్ను ఏర్పడుటకు వెయ్యి సంవత్సరాలు కూడా పట్టవచ్చునని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ చెబుతున్నది. జె.సి.బి.కి ఒక పూట చాలు.

మన ప్రక్కనే ఒక పాఠము

పాత గుంటూరు జిల్లాలోనే మన కళ్ళ ముందు జరిగిన సంగతి అమరావతి. 2014లో రాష్ట్రము విడిపోయినప్పుడు రాజధాని కోసము కె.సి. శివరామకృష్ణన్‌గారి అధ్యక్షతన కేంద్రము నియమించిన కమిటీ, విజయవాడ–గుంటూరు నడుమనున్న సారవంతమైన పంటభూములలో మహానగరము తలపెట్టడము మంచిది కాదని ఆ ఆగస్టులోనే చెప్పింది. ప్రభుత్వము ఆ ప్రాంతాన్నే ఎన్నుకొన్నది. 2015లో భూసమీకరణ క్రింద 29 గ్రామాల రైతులు 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. అందులో కృష్ణ ఒడ్డున ఉన్న జరీబు భూములు, కొద్దిలోతులోనే నీరు తగిలి ఏడాది పొడవునా పండే నేలలు, ఉన్నాయి. జరీబు ఎకరానికి వెయ్యి గజాల నివాస స్థలము, 450 గజాల వాణిజ్య స్థలము, పదేళ్ళపాటు కౌలు అని ఒప్పందము. భూమిలేని పేద కుటుంబాలకు నెలకు 2,500 రూపాయల పింఛను అన్నారు.

రాజధాని కావాలా వద్దా అన్నది ఇక్కడ మా ప్రశ్న కాదు. 2019లో ప్రభుత్వము మారి పనులు ఆగిపోయినప్పుడు ఏమైనదో చూడండి. నగరము రాలేదు, పంటా లేదు. 2024లో పనులు మరలా మొదలుపెట్టే ముందు చేయవలసి వచ్చిన మొదటి పని వేల ఎకరాలలో పెరిగిన కంప కొట్టించడము! సేద్యము ఆపుట ఒక్క సంతకముతో అవుతుంది. దానికి బదులు రావలసినది మాత్రము ఏండ్లు పట్టవచ్చు, ఆ ఏండ్ల కూలిని ఎవ్వరూ తిరిగి ఇవ్వలేరు. 33 వేల ఎకరాలకు వర్తించిన ఈ పాఠము మన ఊరి ఐదెకరాల వెంచరుకూ వర్తిస్తుంది.

నీటి త్రోవ సంగతి కూడా మరువకూడదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మొదలైన పేటలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. వాగు పొర్లే చోట ఇళ్ళు కట్టుకొన్నాము గనుక వాగు తన చోటుకు తాను వచ్చింది. మన ఊరి కుంట, వాగు, డొంక, పశువులు మేసే పోరంబోకు ఖాళీ స్థలాలుగా కనబడతాయి గాని ఖాళీవి కావు. వాన నీటికి అదే ఇల్లు, పేదవాని మేకకు అదే బీడు. గ్రామపు ఉమ్మడి భూములను, చెరువులను ఆక్రమణల నుండి విడిపించాలని సుప్రీంకోర్టు 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో అన్ని రాష్ట్రాలను ఆదేశించింది.

ముందు దాచవలసినది గీయండి

పరిశుద్ధ గ్రంథములో ఊరి ప్రణాళిక ఉన్నదంటే కొందరికి ఆశ్చర్యము కలుగవచ్చు. సంఖ్యాకాండము 35వ అధ్యాయము తెరచి చూడండి. లేవీయులకు ఇచ్చిన నలభై ఎనిమిది పట్టణాలలో ప్రతిదాని చుట్టును పశువుల కొరకు ఇంత కొలత నేల విడిచిపెట్టాలని అక్కడ నియమమున్నది. లేవీయకాండము 25వ అధ్యాయములో ఇంకొక మాట ఉన్నది. లేవీయుడు తన ఇంటిని అమ్ముకోవచ్చును గాని ఊరి చుట్టూ ఉన్న ఆ పొలమును అమ్మకూడదు. ఇల్లు ఒక మనుష్యునిది, ఊరి చుట్టూ ఉన్న పచ్చిక ఊరందరిది, రాబోయే తరముది. నాబోతు తన ద్రాక్షతోటను రాజుకు ఎందుకు అమ్మలేదో కూడా ఈ వెలుగులో చదివితే బాగుగా బోధపడుతుంది.

ఇదే సంగతిని మన కాలములో అమెరికా దేశస్థుడైన రాండల్ ఆరెంట్ అనే ప్రణాళికా నిపుణుడు 1996లో ప్రచురించిన పుస్తకములో పద్ధతిగా చెప్పాడు. మామూలుగా లేఔటు వేసేవారు ముందు బాటలు, ప్లాట్లు గీసి, వంకరగా మిగిలిన ముక్కకు పార్కు అని పేరు పెడతారు. ఆయన ఆ వరుసను తిరగవేశాడు. మొదట కాపాడవలసిన నేల ఏదో గుర్తించాలి: మంచి పొలము, నీటి త్రోవ, చెట్లు. రెండవది, మిగిలిన చోటులో ఇళ్ళు దగ్గరదగ్గరగా ఎక్కడ కట్టాలో నిర్ణయించాలి. మూడవది, ఆ ఇళ్ళకు బాటలు కలపాలి. హద్దు గీతలు అన్నిటికన్న చివర. ఇళ్ళ సంఖ్య తగ్గదు, నేల మాత్రము మిగులుతుంది.

కేరళ రాష్ట్రము 2008లో వరిపొలాలు, తడినేలల పరిరక్షణకు చట్టము చేసింది. గ్రామమువారీగా వరిపొలాల జాబితా తయారుచేయించి, వాటిని పూడ్చరాదన్నది. అయితే వేరే స్థలము లేని యజమాని తాను ఉండుటకు ఇల్లు కట్టుకోవాలంటే పంచాయతీలో పది సెంట్లు, పట్టణములో ఐదు సెంట్ల వరకు అనుమతి పొందే దారి ఉంచింది. 2018లో కొన్ని సడలింపులు వచ్చినా ఆ చట్టములోని తెలివి గమనించదగినది: గూడు కట్టుకొనేవానికి తలుపు తెరచి, వ్యాపారికి మూసింది.

మన రాష్ట్రములో 2006 నాటి చట్టము ప్రకారము సాగుభూమిని వేరు పనికి మార్చాలంటే అనుమతి తీసికొని రుసుము కట్టవలసి ఉండేది. 2025లో ఆ చట్టాన్ని రద్దు చేశారు. రుసుము వసూలు చేయడము వేరు, ఏ నేలను ముట్టుకోకూడదో ముందుగా నిర్ణయించుకోవడము వేరు. ఆ రెండవ పని మన గ్రామములో మనమే మొదలుపెట్టాలి.

మనము చేయగలిగినది

గ్రామసభ జరిగే రోజున మనవారు ఎంతమంది వెళ్తున్నారు? ఈసారి యౌవనుల సమాజమువారు ఊరి పటము తీసికొని కాలువలు, బోదెలు, కుంటలు, డొంకలు రంగు పెన్సిలుతో గుర్తించండి. ఇల్లు లేని కుటుంబాల జాబితా స్త్రీల సమాజమువారు వ్రాయండి. రెండు కాగితాలు కలిపి గ్రామసభ ముందు పెట్టి, "ఇన్ని కుటుంబాలకు ఇళ్ళు కావాలి, ఈ మెరక నేలలో ఇవ్వండి, ఈ బోదెను పూడ్చనివ్వకండి" అని అడగండి. వట్టి ఫిర్యాదు కన్న ఇటువంటి అడుగుట బలమైనది.

ప్లాటు కొనేవారు మూడు ప్రశ్నలు వేసికోండి. దీనికి అనుమతి ఉన్నదా? దీని క్రింద ఎవరి నీటి త్రోవ పూడింది? నేను ఇక్కడ ఇల్లు కడతానా? మూడవ ప్రశ్నకు జవాబు కాదని వస్తే ఆ సొమ్మును బ్యాంకులోనో పోస్టాఫీసులోనో వేసికొనుట మేలు. సంఘానికి స్థలముంటే దానిని అమ్మే ముందు పెద్దలు ఈ ప్రశ్నలే వేసికోవాలి.

మా సంగతి చెప్పి ముగిస్తాము. మా ప్లాటు మరలా చేనుగా మారదు, గ్రావెలు క్రిందపడిన నేల అంత త్వరగా కోలుకోదు. అయితే మాతో పాటు అక్కడ కొన్నవారిలో తెలిసిన నలుగురితో మాట్లాడాము. ఇల్లు కట్టేవరకు మా ముక్కలలో కంప కొట్టించి, జొన్న చల్లుకొనుటకు ఆ ముసలమ్మ కొడుకుకు ఇచ్చాము. పూడిన బోదెను తెరిపించమని వెంచరువారిని అడిగాము, ఆ పని ఇంకా తెమలలేదు. మరలా అడుగుతాము.

పోయిన నెలలో వెళ్ళినప్పుడు జొన్న మోకాలెత్తు పెరిగి ఉన్నది. రాళ్ళు కనబడడము లేదు. ముసలమ్మ గట్టు మీద నిలబడి, "ఇప్పుడు ఆనవాలు తెలుస్తందయ్యా, బోదె అదుగో ఆ మూల నుంచి వచ్చేది" అని చేయి చూపింది.